పక్కవాడు పాడని పాట

ప్రశ్న: పదిహేనేళ్లుగా బెల్‌ఫాస్ట్‌లో ఉంటున్నాం. నేను నర్సును, మాది తెనాలి. మావారిది భద్రాచలం, కంప్యూటర్ ఉద్యోగం. బాబు ఇక్కడే పుట్టాడు, పదమూడేళ్లు. ముగ్గురివీ బ్రిటిష్ పాస్‌పోర్టులే. వాడు బళ్లో రగ్బీ ఆడతాడు. ఈ మధ్య బడి పిల్లలను డబ్లిన్‌లో ఐర్లండ్ మ్యాచ్‌కు తీసుకువెళితే నేనూ తోడు వెళ్లాను. ఆటకు ముందు ఐర్లండ్ తరఫున రెండు పాటలు వచ్చాయి. మొదటిది ఐరిష్ భాషలో. మావాడు దాన్ని ఫోనులో విని విని నేర్చుకున్నాడట, గొంతెత్తి పాడాడు. వాడితో వచ్చిన పిల్లల్లో చాలామంది పెదవి కదపలేదు. రెండో పాట మాత్రం అందరూ పాడారు. తిరుగు ప్రయాణంలో బస్సులో ఒక పిల్లవాడి తండ్రి నవ్వుతూనే, "మొదటిది మన పాట కాదని మీవాడికి ఎవరూ చెప్పలేదా?" అన్నాడు. నాకు మాట రాలేదు. ఇంటికి వచ్చాక బాబు అడిగాడు: "పాస్‌పోర్టు బ్రిటన్‌ది, జట్టు ఐర్లండ్‌ది, నాన్నేమో మన పాట జనగణమన అంటాడు. ఇంతకీ నా పాట ఏది?" భద్రాచలం నుంచి మామగారు ఫోను చేసినప్పుడల్లా "వాడు ఆడేది ఏ దేశానికమ్మా?" అంటారు. వాణ్ణి ఆ పాట పాడవద్దనాలా? ఆ తండ్రికి క్షమాపణ చెప్పాలా? మామగారికి ఏమని చెప్పాలి?
– ఒక తల్లి, బెల్‌ఫాస్ట్

సమాధానం:

అమ్మా,

క్షమాపణ అక్కర్లేదు. పాడవద్దనీ అనకండి. ఈ రెండూ ముందే చెప్పేస్తే మీ మనసు కాస్త కుదుటపడుతుంది. అసలు పని వేరే ఉంది. పక్కన నిలబడ్డ పిల్లవాడు ఎందుకు పాడలేదో మీవాడికి తెలియాలి. పదిహేనేళ్లు ఆ ఊళ్లో ఉన్నా మనవాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఉత్తర ఐర్లండ్ బ్రిటన్ కింద ఉంది, మిగతా ద్వీపం వేరే దేశం. బ్రిటన్‌తోనే ఉండాలనేవాళ్లు చాలామట్టుకు ప్రొటెస్టెంట్లు, ఐర్లండ్ ఒకటి కావాలనేవాళ్లు చాలామట్టుకు క్యాథలిక్కులు. బెల్‌ఫాస్ట్‌లో మర్యాదస్తులెవరూ 'మీరు ఏ వైపు?' అని ముఖాన అడగరు. పేరు విని, బడి విని, మాట విని లోలోపల తేల్చుకుంటారు.

మాట అంటే గుర్తొచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో ఎనిమిదోదాన్ని 'ఎయిచ్' అంటే ప్రొటెస్టెంటు, 'హెయిచ్' అంటే క్యాథలిక్కు అని అక్కడ పోల్చుకుంటారు. మన బళ్లలో అందరం 'హెచ్' అనే కదా నేర్చుకున్నాం! ఆ లెక్కన తెనాలి తెనాలంతా క్యాథలిక్కులే. వాళ్లలో వాళ్లు చెప్పుకునే పాత హాస్యం ఒకటుంది: కొత్తగా వచ్చినవాడు "నేను హిందువును" అంటే, "అది సరే, క్యాథలిక్ హిందువా, ప్రొటెస్టెంట్ హిందువా?" అని అడిగారట. మీ బాబు గురించి బస్సులో ఆ పెద్దమనిషి అడిగిందీ దాదాపు అదే.

మీరు బడిని ఎంచుకున్నప్పుడు చదువు చూసి ఉంటారు, ఇంటికి ఎంత దూరమో చూసి ఉంటారు. కానీ ఉత్తర ఐర్లండ్‌లో ఏ బళ్లో ఏ బంతి ఉంటుందనేది కూడా ఒక చరిత్రే. ప్రొటెస్టెంట్ సంప్రదాయంలో నడిచే బళ్లలో రగ్బీ, హాకీ, క్రికెట్. క్యాథలిక్ బళ్లలో ఐర్లండ్ దేశవాళీ ఆటలైన గేలిక్ ఫుట్‌బాల్, హర్లింగ్. అన్నిచోట్లా కాదు, అందరికీ కాదు, కానీ చాలామట్టుకు అంతే. మీకు తెలియకుండానే మీవాడు ఒక వైపు బంతి పట్టుకుని, రెండో వైపు పాట నేర్చుకున్నాడు. నాకైతే ముచ్చటేసింది. బస్సులో వాళ్లకు తికమక కలిగింది.

ఇప్పుడు ఆ మొదటి పాట సంగతి. దాని పేరు 'అవ్‌రాన్ న వీయన్'. సైనికుల పాట అని అర్థం. 1907 ప్రాంతంలో డబ్లిన్‌లో పాడర్ కార్నీ అనే ఆయన రాశాడు. ఇళ్లకు రంగులు వేసే పనివాడు ఆయన. మిత్రుడు పాట్రిక్ హీనీ బాణీ కట్టాడు. రాసింది ఇంగ్లీషులోనే. మీవాడు నేర్చుకున్న ఐరిష్ పాఠం తరువాత లియం ఓ రిన్ చేసిన అనువాదం. బ్రిటన్ పాలన మీద 1916లో తిరగబడినవాళ్లు పాడుకున్న పాట అది. 1926లో కొత్త ఐరిష్ రాజ్యం దాని పల్లవిని జాతీయ గీతంగా తీసుకుంది. తుపాకులు, ఫిరంగులు, ఐర్లండ్ కోసం ప్రాణాలు ఒడ్డే ప్రతిజ్ఞ, ఇవే అందులో ఉన్నవి. డబ్లిన్‌వాళ్లకు అది ఒళ్లు పులకరించే పాట. బెల్‌ఫాస్ట్‌లో తమను బ్రిటిషువాళ్లుగా భావించుకునే కుటుంబానికి అది వేరే దేశపు గీతం. అంతటితో పోతే బాగుండేది. ఉత్తర ఐర్లండ్ ఎవరిదన్న గొడవలో మూడు దశాబ్దాలు సాగిన హింసలో మూడున్నర వేలమందికి పైగా చనిపోయారు. పోలీసు ఉద్యోగం చేసే తండ్రినో, మామనో తుపాకీకి పోగొట్టుకున్న ఇళ్లు ఆ వైపు ఉన్నాయి. ఆ తుపాకీ పట్టినవాళ్లు తమ పాట అనుకున్నదీ ఇదే. పదమూడేళ్ల పిల్లవాడికి అదంతా తెలిసి ఉండదు. ఇంట్లో ఆ పాట వచ్చినప్పుడు నాన్న ముఖం ఎలా మారుతుందో మాత్రం తెలుసు.

అటువైపూ ఇదే కథ. రాజుగారి పాట, అంటే రాణి ఉన్నన్నాళ్లూ రాణిగారి పాట అన్న బ్రిటన్ జాతీయ గీతం, వినిపిస్తే తల దించుకునే క్యాథలిక్కు ఇళ్లు మీ ఊళ్లోనే వేలల్లో ఉన్నాయి. బ్రిటిష్ సైనికులు వీధిలో నిలబెట్టి సోదా చేసిన జ్ఞాపకం వాళ్లది.

మరి ఇన్ని గాయాలున్నప్పుడు రగ్బీకి ఒకే జట్టు ఎలా మిగిలిందని మీరు అడగాలి. ఐరిష్ రగ్బీ సంఘం 1879 నాటిది. 1921లో ద్వీపాన్ని రెండుగా కోసినప్పుడు ఫుట్‌బాల్ చీలిపోయింది. బెల్‌ఫాస్ట్‌లో ఒక సంఘం, డబ్లిన్‌లో ఒక సంఘం, ఇప్పటికీ రెండు జట్లు, రెండు గీతాలు. రగ్బీ చీలలేదు. అల్‌స్టర్, మన్‌స్టర్, లెన్‌స్టర్, కానక్ట్ అనే నాలుగు ప్రావిన్సులు, వాటి మీద ఒక జట్టు. క్రికెట్టూ హాకీ కూడా అంతే. పెద్దమనుషులు కూర్చుని గొప్ప సిద్ధాంతం చేశారని కాదు. అప్పటికే కలిసి ఆడుతున్నారు, విడిపోవాల్సినంత పట్టుదల ఎవరికీ పుట్టలేదు. కొన్ని మంచి పనులు బద్ధకం వల్ల కూడా నిలుస్తాయి.

తంటా అంతా ఆటకు ముందు వచ్చే ఆ రెండు నిమిషాలదే. అప్పట్లో ఐర్లండ్ మ్యాచ్‌లు మీ రేవన్‌హిల్ మైదానంలో కూడా జరిగేవి. డబ్లిన్‌లో ఆడితే ఐరిష్ గీతం, బెల్‌ఫాస్ట్‌లో ఆడితే రాణిగారి గీతం. 1954లో స్కాట్లండ్‌తో మ్యాచ్ ఉండగా దక్షిణాది ఆటగాళ్లు, రాణిగారి పాటకు మేం నిలబడం అన్నారు. సంఘం పెద్దలు పరుగులు తీసి, పాటను కుదించి, ఎలాగో ఆ రోజు గట్టెక్కించారు. ఆ తరువాత ఐర్లండ్ సీనియర్ జట్టు సొంతగడ్డ మ్యాచ్ మళ్లీ బెల్‌ఫాస్ట్‌కు వచ్చింది 2007లో! ఒక పాటకు భయపడి ఒక ఊరికి 53 ఏళ్లు ఆట రాలేదు.

ఆ 2007 ఆగస్టులో ఇటలీతో రేవన్‌హిల్‌లో ఆడినప్పుడు యూనియనిస్టులు, అంటే బ్రిటన్‌తోనే ఉండాలనేవాళ్లు, ఒక మాట అడిగారు. డబ్లిన్‌లో ఆడితే అక్కడి రాజ్యపు గీతం వాయిస్తున్నారు కదా, బెల్‌ఫాస్ట్‌లో ఆడితే ఇక్కడి రాజ్యపు గీతం ఎందుకు వాయించరు? రగ్బీ సంఘం ఒప్పుకోలేదు. ఉమ్మడి పాట ఒక్కటే వాయించారు. లెక్క ప్రకారం చూస్తే వాళ్ల ప్రశ్న న్యాయమైనదేనని నా ఉద్దేశం. జవాబు కూడా న్యాయమైనదే, ఎందుకంటే వాయిస్తే జట్టులో సగంమంది మళ్లీ 1954కు వెళ్లి నిలబడేవాళ్లు. బస్సులో మీతో మాట్లాడిన ఆయన మనసులో ఉన్నది ఇలాంటి పాత బాకీ అయి ఉంటుంది. మీ బాబు మీద కోపం కాదు.

ఇక 1987 దగ్గర కాస్త ఆగాలి. మీవాడికి ఒక్క కథే చెప్పే వీలుంటే ఇదే చెప్పండి.

ఆ ఏడాది మే నెలలో మొట్టమొదటి రగ్బీ ప్రపంచ కప్. ఏప్రిల్ 25న అల్‌స్టర్ ఆటగాళ్లు ముగ్గురు, నైజల్ కార్, డేవిడ్ అర్విన్, ఫిలిప్ రెయినీ, ఒకే కారులో డబ్లిన్‌కు బయలుదేరారు. అక్కడ ఐర్లండ్ జట్టు సాధన ఉంది. మీరు మొన్న బస్సులో వెళ్లిన దారి దాదాపు అదే. సరిహద్దు దగ్గర కిలీన్ అనే చోట ఎదురుగా వస్తున్న ఒక కారు పక్కన, ఐర్లండ్ ఒకటి కావాలని ఆయుధాలు పట్టిన ఐఆర్ఏ పెట్టిన బాంబు పేలింది. ఆ కారులో ఉన్న న్యాయమూర్తి మారిస్ గిబ్సన్, ఆయన భార్య చనిపోయారు. పేలుడు తాకిడికి ఈ ముగ్గురి కారూ నుజ్జయింది. ముగ్గురికీ ప్రాణాలు దక్కాయి గానీ నైజల్ కార్ మళ్లీ ఆ స్థాయిలో రగ్బీ ఆడలేదు. అప్పటికి ఇంకా ముప్ఫై నిండని మనిషి, జట్టులో ఖాయంగా ఉన్నవాడు. ఐర్లండ్ కోసం ఆడటానికి వెళుతున్న ఉత్తరాది ప్రొటెస్టెంటు కుర్రాడి ఆటను, ఐర్లండ్ పేరు చెప్పుకున్న బాంబు ముగించింది.

నెల తిరిగేసరికి న్యూజిలాండ్‌లో జట్టు వరుసలో నిలబడాలి. ఏ గీతం వాయించాలి? ఆ రోజు సైనికుల పాట ఎవరు వాయించగలరు? చివరికి ఎవరో క్యాసెట్ వెతికి 'రోజ్ ఆఫ్ ట్రలీ' అనే పాత ప్రేమగీతం పెట్టారు. కెర్రీ కౌంటీలోని ట్రలీ అనే ఊళ్లో ఉన్న ఒక అందగత్తె మీద పాట అది. పాత రికార్డు, చప్పిడి బాణీ. ఎదుటి జట్టువాళ్లు తమ గీతాన్ని గుండెలు బాదుకుంటూ పాడుతుంటే, మనవాళ్లు ఎవరి ప్రియురాలినో పొగిడే పాటకు ఎటు చూడాలో తెలియక నిలబడ్డారు. ఇప్పటికీ ఐరిష్ అభిమానులు ఆ సంగతి తలచుకుని నవ్వుకుంటారు. నాకు నవ్వు రాదు. ఏ పాట పెట్టినా ఎవరో ఒకరి గాయం కెలికినట్టవుతుందని, ఎవరికీ చెందని పాట వెతికిన మనిషి అవస్థే కనిపిస్తుంది.

ఆ అవస్థలోంచే మీరు విన్న రెండో పాట పుట్టింది. 1995 ప్రపంచ కప్ ముందు రగ్బీ సంఘం డెరీ పట్టణానికి చెందిన ఫిల్ కూల్టర్ చేత 'ఐర్లండ్స్ కాల్' రాయించింది. (ఆ ఊరిని ఒకవైపువాళ్లు డెరీ అంటారు, మరోవైపువాళ్లు లండన్‌డెరీ అంటారు. ఊరి పేరు పలికినా వైపు తెలిసిపోతుంది!) రాజు లేడు, రిపబ్లిక్కు లేదు, శత్రువు లేడు. నాలుగు ప్రావిన్సులు, భుజం భుజం కలిపి నిలబడటం, అంతే. అప్పటినుంచి పరాయి దేశంలో ఆడితే ఇదొక్కటే. డబ్లిన్‌లో ఆడితే ముందు రాజ్యపు గీతం, తరువాత ఇది. హాకీవాళ్లు, క్రికెట్‌వాళ్లు కూడా దీన్నే తీసుకున్నారు.

సంగీతంగా చూస్తే గొప్ప పాట కాదు. ప్రచార గీతంలా ఉందని వెక్కిరించేవాళ్లు డబ్లిన్‌లో కోకొల్లలు. కమిటీ పుట్టించిన పాటకు ఆత్మ ఉండదంటారు. ఉండకపోతేనేం? ఆత్మ నిండుగా ఉన్న రెండు పాటల మధ్య వాళ్లు నూరేళ్లు నలిగారు. ఈ పాట పాడుతూ ఎవరూ ఎవరినీ చంపలేదు. ఆ ద్వీపంలో ఒక పాట గురించి ఆ మాట అనగలగడం చిన్న విషయం కాదు. మొన్న మీ బాబు పక్కన పెదవి కదపని పిల్లలు రెండో పాటకు గొంతు కలిపారని మీరే రాశారు. పాట పని అదే.

ప్రతి ఆటా ఈ ముడిని ఒకేలా విప్పలేదు. బాక్సింగ్‌లో బారీ మగ్విగన్ అని ఒకాయన ఉన్నాడు. సరిహద్దుకు అవతల, మొనహన్ కౌంటీలోని క్లోన్స్ ఆయన ఊరు. క్యాథలిక్కు, ప్రొటెస్టెంటు అమ్మాయిని పెళ్లాడాడు. రింగులోకి ఏ దేశపు జెండాతోనూ రానన్నాడు. శాంతి గుర్తుగా నీలి జెండా పెట్టుకున్నాడు. గీతం బదులు వాళ్ల నాన్న పాట్ రింగులో నిలబడి 'డానీ బాయ్' పాడేవాడు. 1985 జూన్ 8న లండన్‌లో యుసేబియో పెడ్రోసాను ఓడించి ప్రపంచ టైటిల్ గెలిచిన రాత్రి కూడా అంతే. ఆ పాటకు రెండు వైపులవాళ్లూ కలిసి ఏడ్చేవాళ్లు. కామన్వెల్త్ క్రీడల్లో ఉత్తర ఐర్లండ్‌వాళ్లు గెలిస్తే ఇప్పటికీ వాయించేది ఆ బాణీనే. దీనికి ఎదురు ఉదాహరణ వేన్ మకల్లా. బెల్‌ఫాస్ట్‌లో బ్రిటన్ యూనియన్ జెండాల మధ్య ఉండే షాంకిల్ రోడ్డు ప్రొటెస్టెంటు కుర్రాడు, 1988 సోల్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఐర్లండ్ త్రివర్ణ పతాకం పట్టుకుని నడిచాడు. నాలుగేళ్ల తరువాత బార్సిలోనాలో రజతం తెచ్చాడు. షాంకిల్ రోడ్డులో ఆ జెండా పట్టుకోవడం అంటే ఏమిటో మీ ఆసుపత్రిలో పాతకాలపు నర్సులను అడగండి, చెబుతారు.

పాడకుండా నిలబడటం గురించి ఒక రోజు సంగతి చెప్పాలి. డబ్లిన్‌లో క్రోక్ పార్క్ గేలిక్ ఆటల గుడిలాంటిది. 1920 నవంబరు 21న అక్కడ డబ్లిన్, టిప్పరరీ జట్లు ఆడుతుండగా బ్రిటిష్ బలగాలు లోపలికి చొరబడి కాల్చాయి. 14 మంది చనిపోయారు. వాళ్లలో టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్ ఒకడు. అక్కడి ఒక స్టాండుకు ఆయన పేరే పెట్టారు. పరాయి ఆటలు ఆ గడ్డ మీద ఆడరాదని నియమం ఉండేది. రగ్బీ ఆడే లాన్స్‌డౌన్ రోడ్ మైదానాన్ని పడగొట్టి మళ్లీ కడుతున్న కాలంలో ఆ నియమాన్ని సడలించారు. అలా 2007 ఫిబ్రవరి 24న ఇంగ్లండ్ రగ్బీ జట్టు క్రోక్ పార్క్‌లో అడుగుపెట్టింది. అంటే రాణిగారి పాట ఆ మైదానంలో వినిపించాలి. వారాల తరబడి దేశమంతా అదే చర్చ. ఈలలు వేస్తారా, అరుస్తారా?

82 వేలమంది. పాట మొదలైంది, అయిపోయింది. ఎవరూ అరవలేదు. తమది కాని పాటను, తమను కాల్చినవాళ్ల పాటను నిశ్శబ్దంగా విన్నారు, అయ్యాక చప్పట్లు కొట్టారు. తరువాత తమ పాటలు వచ్చాయి. జాన్ హేస్ అని మన్‌స్టర్ నుంచి వచ్చిన ఆటగాడు, ఆంబోతులాంటి మనిషి, బుగ్గల మీద కన్నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా పాడాడు. ఐర్లండ్ 43–13తో గెలిచింది. స్కోరు నాకు గుర్తుండటానికి కారణం ఆట కాదు. ఆ వీడియో మీవాడికి చూపించండి. రెండు పాటలూ చూపించండి, ముఖ్యంగా ఎవరూ పాడనిదాన్ని.

అప్పుడు వాడికి ఒక సంగతి తెలుస్తుంది. మొన్న పెదవి కదపని ఆ పిల్లలు కూర్చోలేదు, ఈల వేయలేదు, నవ్వలేదు. నిలబడ్డారు. వాళ్లు ఇవ్వగలిగింది అంతా ఇచ్చారు. అలాగే మీవాడు పాడటం నేరం కాదు. డబ్లిన్ మైదానంలో ఆ దేశపు గీతం, అభిమానంగా నేర్చుకున్నాడు, పాడాడు. ఇకముందూ పాడాలనిపిస్తే పాడతాడు. కాకపోతే పక్కవాడి వైపు చూసి, నువ్వెందుకు పాడవని అడగడు. పాడకూడదనిపిస్తే నిలబడతాడు. దాన్ని మీరు వాడికి వదిలేయండి. నేను మీ చోట ఉంటే ఒక్క నియమమే పెడతాను: ఎవరి పాట వచ్చినా నిలబడాలి.

అసలు ఏ పాటా పాడనంటే? అదీ తప్పు కాదు. ఒయిన్ మోర్గన్ హైదరాబాద్ సన్‌రైజర్స్‌కు ఆడాడు, మనవాడనే అనుకుందాం. డబ్లిన్‌లో పుట్టి ఐర్లండ్‌కు ఆడి, తరువాత ఇంగ్లండ్‌కు వెళ్లి, 2019లో వాళ్లకు ప్రపంచ కప్ తెచ్చిన కెప్టెన్. ఇంగ్లండ్ గీతానికి పెదవి కదపడని అక్కడివాళ్లు గొణిగారు. ఐర్లండ్‌కు ఆడినప్పుడూ పాడలేదు, ఇంగ్లండ్‌కు ఆడినప్పుడూ పాడలేదు, అంతమాత్రాన ఆడటంలో నా గర్వం తగ్గదని ఆయన జవాబు. తరువాత కప్పు గెలిచాక ఆ గొణుగుడు ఎక్కడా వినబడలేదు, అది వేరే విషయం.

ఇక మీవారి సంగతి. 'మన పాట జనగణమన' అని తేల్చేశారు. ఆ మాటతో నాకు పేచీ లేదు, పేపరుతో పాటు మడిచి పక్కన పెట్టేసినట్టు చెప్పడంతోనే. ఆయన్ను ఒక కథకు కూర్చోబెట్టండి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాకూర్ మదనపల్లె వచ్చారు. అక్కడి బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలకు ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ ఆయన స్నేహితుడు. ఆ ఊళ్లోనే ఠాకూర్ జనగణమనను పాడి వినిపించి, ఇంగ్లీషులోకి అనువదించారు. ఆ బాణీని విని స్వరలిపి రాసిపెట్టింది ప్రిన్సిపాలు భార్య మార్గరెట్. ఆమె సంగీతంలో పట్టా పుచ్చుకున్న మనిషి, ఆడవాళ్ల ఓటు హక్కు కోసం జైలుకు కూడా వెళ్లివచ్చింది. ఇద్దరూ ఐర్లండ్‌వాళ్లే. మార్గరెట్‌ది రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్. జేమ్స్ పుట్టింది ఎక్కడో చెప్పమని మీవారిని అడగండి. బెల్‌ఫాస్ట్‌లో! మీ ఇంటి పాటకూ మీ ఊరికీ నూరేళ్లనాటి చుట్టరికం ఉంది. మీ బాబుకు ఈ సంగతి తెలిస్తే బళ్లో రెండు రోజులు గొప్పలు చెప్పుకుంటాడు, చెప్పుకోనివ్వండి.

'నా పాట ఏది' అన్న వాడి ప్రశ్నకు ఒక్క పేరు చెప్పమంటే నేను చెప్పను. వాడు ఆడే జట్టు పాట 'ఐర్లండ్స్ కాల్', అది పొల్లు పోకుండా నేర్చుకోమనండి. రేపు అల్‌స్టర్ దాకా, ఆపైన ఐర్లండ్ దాకా వెళితే వరుసలో నిలబడి పాడాల్సింది అదే. ఆ వరుసలో వాడు వింతగానూ కనిపించడు. ఎనిస్కిలెన్ నుంచి వచ్చిన రాబర్ట్ బలుకూన్ తండ్రిది సెనెగల్. బండీ అకి, జేమ్స్ లో న్యూజిలాండ్‌లో పుట్టినవాళ్లు. క్రికెట్‌లో చూస్తే పంజాబ్ నుంచి చదువు కోసం డబ్లిన్ వెళ్లిన సిమీ సింగ్ ఐర్లండ్ జట్టులో ఎనిమిదో స్థానంలో దిగి దక్షిణాఫ్రికా మీద 2021లో శతకం కొట్టాడు. జనగణమన ఇంట్లో ఉంది, ఎక్కడికీ పోదు. సైనికుల పాట వాడు ఇష్టపడి నేర్చుకున్నది. రాజుగారి పాట వాడి పాస్‌పోర్టుతో వచ్చింది, ఎప్పుడో ఒకప్పుడు దానికీ నిలబడాల్సి వస్తుంది. పదమూడేళ్లకు నాలుగు పాటలు ఎక్కువేమీ కాదు. మన తెలుగు సంఘాలవాళ్లు ఉగాది సభలో ఏ రాష్ట్ర గీతం ముందు పాడాలని ఇంకా లెక్కలు వేస్తూనే ఉన్నారు, వాళ్లకంటే మీవాడు నయం.

బస్సులో ఆ తండ్రిని మళ్లీ కలుస్తారు, ఒకే బడి కదా. తప్పించుకోకండి. పక్కన కూర్చుని, "మీ చిన్నప్పుడు డబ్లిన్‌కు మ్యాచ్‌లకు వెళ్లేవారా?" అని అడిగి వదిలేయండి. ఆ తరంవాళ్లకు సరిహద్దు దగ్గర సైనికులు బస్సు ఆపడం, జెండాలు సంచిలో దాచుకోవడం అన్నీ గుర్తుంటాయి. ఆయన మాట్లాడతాడు. మీరు వినండి. చివర్లో, "మావాడికి మీరు అడిగిన సంగతి చెప్పాను, ఆ పాట మీకెందుకు మింగుడుపడదో వాడికిప్పుడు తెలుసు" అనండి. పాడటం మానేస్తాడని మాత్రం అనకండి, అడక్కుండా మాట ఇవ్వడం దేనికి?

మీ మామగారి ప్రశ్న మిగిలింది. 'ఏ దేశానికి' అంటే 'అల్‌స్టర్‌కు' అని చెప్పమనండి వాణ్ణే. అదెక్కడ అని అడుగుతారు. తొమ్మిది కౌంటీలు తాతయ్యా, ఆరు ఒక దేశంలో ఉన్నాయి, మూడు ఇంకో దేశంలో ఉన్నాయి, ఆట మాత్రం ఒకటే అని వాడు చెబుతాడు. మామూలుగా అయితే ఇది ఎవరికీ ఒక పట్టాన అర్థమయ్యే విషయం కాదు. కానీ ఆయన భద్రాచలం మనిషి. 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రలో కలిశాక, రాముడు తెలంగాణలో, రాముడి భూములు పురుషోత్తపట్నంలో, అంటే ఆంధ్రలో మిగిలాయి. ఏటపాక వెళ్లి రావాలంటే రాష్ట్రం దాటి రావాలి. ఫోనులో వాడు చెప్పడం పూర్తికాక ముందే ఆయన "ఓహో, అలాగా" అంటారు చూడండి.